విజిల్ తర్వాతి పట్టు

తవిటయ్య మాస్టారు జీవితమంతా కబడ్డీ నేర్పారు గాని, ఫలానా పిల్లవాడు గొప్ప ఆటగాడవుతాడన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. అడిగినవాళ్ళకి ఆయన ఏదో జరిగిన సంగతి చెప్పి ఊరుకునేవారు.

ఒకనాటి సాయంత్రం ఆయన శిష్యురాలు హైమావతి వెతుక్కుంటూ వచ్చింది. ఆమె ఇప్పుడు ఒక క్రీడా పాఠశాలలో కోచ్. ఆమె దగ్గర ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు ఉన్నాడు. వయసు పదమూడు, బరువు ఎనభై అయిదు కిలోలు. మూలన నిలబడి కాలు పట్టాడంటే కాలేజీ కుర్రాళ్ళు కూడా గీత దాటి వెళ్ళలేకపోతున్నారు. ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు అతన్ని ఇప్పటినుంచే తమ దగ్గర పెట్టుకుంటామని, పెద్దయ్యాక తమ జట్టులోనే ఆడాలని అంటున్నారు. హైమావతి మాట మీదే అంతా ఆగి ఉంది.

"వాడు అంతవాడవుతాడో కాడో ఎలా చెప్పను మాస్టారూ? పదమూడేళ్ళ పిల్లాడిలో అసలేం కనిపిస్తుంది?" అని అడిగింది.

మాస్టారు మైదానం వైపు చూస్తూ, సూరాడ దానయ్య అనే కుర్రవాడి సంగతి మొదలుపెట్టారు.

దానయ్యది సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లె. పదకొండో ఏడు వచ్చేసరికే తండ్రి చొక్కా అతనికి బిగుతైపోయింది. అప్పటిదాకా తోటి పిల్లలతో కలిసి ఇసుకలో పీతల బొరియలు తవ్వేవాడు, ఖాళీగా ఉన్న తెప్పల మీద ఎగిరి దూకేవాడు. ఒకరోజు ఆటలో పెంటయ్య అనే పిల్లవాడి మీద పడ్డాడు. పెంటయ్యకి మెడ కింది ఎముక విరిగింది. దానయ్య వాళ్ళింటి ముందుకు వెళ్ళి చీకటిపడేదాకా నిలబడ్డాడు గాని లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. మర్నాటినుంచి అతను ఒడ్డుకి రాగానే తల్లులు తమ పిల్లల్ని కేకేసి పిలుచుకునేవారు.

తోటివాళ్ళు వదిలేసిన పిల్లవాణ్ణి పెద్దవాళ్ళు చేరదీశారు. ఊరి జట్టులో మూల నిలబెట్టారు. కూతకొచ్చినవాడి మడమ అతని చేతికి చిక్కిందంటే ఇక ఆట అయిపోయినట్టే. ఊరంతా మురిసిపోయింది. ఇంటింటి నుంచి గుడ్లు, పాలు వచ్చాయి. కాలు బెణుకుతుందని తెప్ప ఎక్కనిచ్చేవారు కాదు, నీళ్ళలోకి దిగనిచ్చేవారు కాదు. ఆట ఉన్న రోజున భుజాల మీద మోసేవారు. ఆట లేని రోజున అతను ఎక్కడ ఉన్నాడో ఎవరికీ పట్టేది కాదు.

ఆ సంగతి పట్నంలో ఒక కాలేజీ వ్యాయామ అధ్యాపకుడు సదాశివరావు చెవిన పడింది. ఆయన మంచివాడు. పిల్లవాడి ఆట చూసి, తల్లి పోలమ్మతో మాట్లాడి, తీసుకెళ్ళి తన కాలేజీ హాస్టల్లో పెట్టాడు. దగ్గర్లో బడిలో చేర్పించాడు. బడిలో బోర్డు కనపడటం లేదని వెనకవాళ్ళు గొడవ చేస్తే, చివరి బెంచీలో ఒక్కణ్ణే కూర్చోబెట్టారు. హాస్టల్లో ఉన్నవాళ్ళంతా డిగ్రీ కుర్రాళ్ళు. వాళ్ళు ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ ఉండేవారు. ఇతను దగ్గరికి రాగానే, "ఉష్, చిన్నోడున్నాడు" అని మాట మార్చేసేవారు. వీధిలో ముక్కూ మొహం తెలియనివాళ్ళు "ఏవండీ, టైమెంతయింది?" అని అడిగితే, ఎవర్నడుగుతున్నారా అని వెనక్కి తిరిగి చూసేవాడు.

ఒకసారి పోలమ్మ ఎండు రొయ్యలు మూటకట్టుకుని కొడుకును చూడటానికి వచ్చింది. హాస్టల్ గేటు దగ్గర ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు. పిల్లవాడు తల వంచాడు. ఆమె చెయ్యి ఎత్తింది గాని, చుట్టూ మీసాలొచ్చిన కుర్రాళ్ళు చూస్తున్నారని సిగ్గుపడి దించేసుకుంది. "అంత మనిషిని అట్టుకుని ఏటి ముద్దు సేత్తాం బాబూ" అని సదాశివరావుతో నవ్వుతూ అని, బస్సెక్కేసింది. ఆ రాత్రి దానయ్య అన్నం తినలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకుని సదాశివరావు మాత్ర ఇప్పించాడు.

ఏడాది గడిచి దానయ్యకి పదమూడేళ్ళు వచ్చాక, ఒక పెద్ద శిక్షణ శిబిరానికి ఎంపిక రోజు వచ్చింది. పెద్ద పెద్ద ఆటగాళ్ళను తయారుచేసినవాళ్ళే ముగ్గురు కూర్చున్నారు. ఒకరు అరచెయ్యి చాపించి కొలిచారు. ఒకరు తండ్రి ఎత్తెంతని అడిగారు. మరొకరు పాదాలు చూసి, "ఇంత పాదమున్నవాడు ఇంకా పెరుగుతాడు, సందేహం లేదు" అన్నారు. దానయ్య ఎటు తిరగమంటే అటు తిరిగాడు.

తర్వాత ఆట. దానికి విజిల్ ఊదింది తవిటయ్య మాస్టారే.

దానయ్య పట్టులో పడి ఒకరి తర్వాత ఒకరు పెద్దవాళ్ళు నలుగురు వెళ్ళిపోయారు. అప్పుడు అవతలి జట్టు తరఫున ఒక బక్క కుర్రవాడు కూతకొచ్చాడు. వాడికీ పదమూడేళ్ళే ఉంటాయి. ఎవరో రాలేదని ఆ జట్టులో నిలబెట్టారట. కూత పెడుతూ వచ్చి, మూల మీదకి కాలు జాపాడు. దానయ్య చటుక్కున మడమ అందుకుని, లాగి, రెండు చేతులా నడుం చుట్టేశాడు. కూత ఆగిపోయింది. మాస్టారు విజిల్ ఊదారు.

దానయ్య వదల్లేదు.

మళ్ళీ ఊదారు. పట్టు వదల్లేదు గాని, చూస్తే అది బిగువు పట్టు కాదు. కింద పడ్డ కుర్రవాడు ముందు గింజుకున్నాడు. తర్వాత వాడికే నవ్వొచ్చింది. "ఒరే, విజిలైపోనాదిరా, ఒగ్గేరా!" అన్నాడు. ఆ మాటకి దానయ్య కూడా నవ్వాడు. నవ్వుతూ వాడి వీపు మీద మొహం ఆనించి అలాగే ఉండిపోయాడు. చివరికి నలుగురు వచ్చి విడదీయాల్సి వచ్చింది.

"చూశారా, అదీ పట్టంటే" అన్నారు పాదాలు చూసినాయన. "విజిల్ వినబడ్డాక వదలనివాడికి క్రమశిక్షణ లేనట్టే" అన్నారు పక్కాయన. అది నేర్పితే వస్తుందన్నారు మూడో ఆయన. పిల్లవాణ్ణి తీసుకోవడానికే ముగ్గురూ ఒప్పుకున్నారు. అయిదేళ్ళు తమ శిబిరంలోనే ఉండాలి. సదాశివరావు సరేనంటే చాలు.

సదాశివరావు బయటికి వచ్చాడు. మైదానం మెట్ల మీద దానయ్య ఒక్కడే కూర్చుని, అవతలి జట్టు ఎక్కిన వ్యాను వెళ్ళినవైపే చూస్తున్నాడు.

"ఎందుకు వదల్లేదురా?" అని అడిగాడు.

పిల్లవాడు మోకాళ్ళకంటిన మట్టి దులుపుకున్నాడు. తర్వాత, "ఆడు నన్ను ఒరే అన్నాడు సార్" అన్నాడు.

సదాశివరావు అతని పక్కనే కూలబడ్డాడు. తర్వాత లేచి లోపలికెళ్ళి, "ఈ పిల్లవాణ్ణి నాలుగేళ్ళాగి చూడండి" అన్నాడు. వాళ్ళు నవ్వారు. నాలుగేళ్ళాగితే ఇంకెవరో ఎగరేసుకుపోతారన్నారు. ఆయన వినలేదు. మర్నాడు తానే వెంటబెట్టుకుని పల్లెకు తీసుకుపోయాడు. "నాను తప్పు సేసేసానా సార్?" అని బస్సులో పిల్లవాడు అడుగుతూనే ఉన్నాడు. తప్పు లేదని చెప్పినా నమ్మినట్టు కనపడలేదు.

పల్లెలో ఎవరూ సదాశివరావుని పలకరించలేదు. వచ్చిన అదృష్టాన్ని కాలితో తన్నాడన్నారు. పోలమ్మ మాత్రం మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. దానయ్య ఒడ్డుకి వెళ్ళాడు. పాత స్నేహితులు ఆడుకుంటున్నారు. ఇతన్ని చూసి ఆట ఆపి నిలబడ్డారు. ఇతను దూరంగా ఇసుకలో కూర్చున్నాడు. కాసేపటికి వాళ్ళు మళ్ళీ ఆడుకోసాగారు. చాలా రోజులు అలాగే జరిగింది. వానలు పడి పడవలు ఒడ్డునే ఉండిపోయిన ఒక మధ్యాహ్నం, వాళ్ళకి ఒక మనిషి తక్కువైతే, పెంటయ్యే వచ్చి రమ్మని పిలిచాడట.

ఆ తర్వాత దానయ్య అంగుళం కూడా పెరగలేదు. తోటివాళ్ళు భుజం దాకా వచ్చారు, కొందరు అతన్ని మించి పొడుగయ్యారు. డిగ్రీలో చేరి కాలేజీ జట్టులో రెండేళ్ళు ఆడాడు, ఎక్కువగా బయట కూర్చునేవాడు. వాడిలో అంత సత్తా మొదట్నుంచీ లేదని ఆ ముగ్గురూ అన్నారు. ఆనాడే తీసుకుపోయి ఉంటే ఎక్కడో ఉండేవాడని పల్లె ఇప్పటికీ అంటుంది. సదాశివరావు బతికినన్నాళ్ళూ ఆ మాటలు పడుతూనే ఉన్నాడు.

మాస్టారు చెప్పడం ఆపారు. హైమావతి గడియారం చూసుకుంది. ఆ సమయానికి తన బడిలోని ఆ పిల్లవాడు ఏం చేస్తూ ఉంటాడో ఆమెకు తెలియదు. మైదానంలో తప్ప వాణ్ణి ఎప్పుడూ చూడలేదన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

"అయితే మాస్టారూ, పదమూడేళ్ళ పిల్లాడిలో ఏమీ కనిపించదంటారా?" అంది.

"ఎందుకు కనిపించదమ్మా?" అన్నారు మాస్టారు, లేస్తూ. "పదమూడేళ్ళు కనిపిస్తాయి."