నూకాలు కొలిచిన గొట్టం

కళింగాన ఓ రాజుగారి సముద్రపు నీటి తొట్టిలో పగడాలు వాడిపోతున్నాయి. మురికిని నురుగు చేసి బయటికి తోసే గొట్టం తాటిచెట్టంత ఉన్నా, నురుగు అంచుకు రావడం లేదు. పగడాలు చస్తే తొట్టి చూసే జాలరి నూకాలు కొలువు ఊడుతుంది.

ఆమె మోకాలెత్తు గొట్టం తెచ్చింది.

"రాజుగారి తొట్టికి పిల్లలాట బొమ్మా?" నవ్వాడు కోట అధికారి సోమరాజు. "ఇంకా పెద్దది చేయిస్తాను ప్రభూ."

నూకాలు వంటశాల పెద్ద బానలో ముంతెడు పెరుగు పోసింది. "వెన్న తీయండి బాబూ."

కవ్వం మునగనే లేదు.

"తొట్టిలో ఉన్నవి ఏడే చేపలు. వాటి కాస్త మురికీ ఆ పెద్ద గొట్టంలో ఇలాగే అడుగున పడుంది," అంది నూకాలు.

చిన్న గొట్టం పెట్టాక సాయంత్రానికి నల్లటి నురుగు అంచు దాటింది.

"కొలతెలా తెలిసింది?" అడిగాడు రాజు.

నూకాలు తలెత్తి చెప్పింది. "చేపల మేత కొలిచాను ప్రభూ. తమరి హోదా కొలవలేదు."