ఇంజను లేని పెట్టెలో గురువు

తెలియనిది అడగడానికి నామోషీ పడే పెద్దమనుషులారా, దేవుడు మీకు నోరు ఎందుకిచ్చాడు? అన్నం తినడానికీ, అడక్కపోయినా సలహాలు చెప్పడానికేనా? మన దేశంలో రైలు పట్టాలు సాలెగూడులా అల్లుకుని ఉన్నాయి. ఆ దారులన్నీ ఒక్క తలకాయలో పట్టవు. స్టేషన్ మాస్టరంతటివాడే పుస్తకం తెరిచి చూసి చెబుతాడు. మీరు మాత్రం మీసం దువ్వి చెప్పేస్తారు. కాస్త కుదురుగా కూర్చుని ఈ సుంకన్న సంగతి వినండి.

చెక్కభజనలో చేయి తిరిగినవాడే అయినా, "నాకు తెలియదు" అన్న మాట చచ్చినా నోట రానివ్వని సుంకన్న అనే గురువు బూదిగుట్ట గ్రామంలో ఉండేవాడు. చేతుల్లో చెక్కలు మోగిస్తూ, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ పాడి చిందులేసే ఆట చెక్కభజన. నడుమ నిలబడి అడుగులు చెప్పేవాడు గురువు. ముప్పై ఏళ్లుగా ఆ నడుమ చోటు సుంకన్నదే. అక్కడ అతనికి ఎదురులేదు. ఆ పొగరుతోనే లోకంలో ఎక్కడా తనకు ఎదురు లేదనుకునేవాడు.

వాన ఎప్పుడొస్తుందన్నా చెప్పేవాడు. మేకకు కడుపెందుకు ఉబ్బిందన్నా చెప్పేవాడు. రైళ్ల సంగతి అయితే ఇక చెప్పనక్కర్లేదు. ఒకసారి ఊళ్లో పెళ్లివారిని తానే దగ్గరుండి రైలెక్కించాడు. అది తప్పు రైలు. ముహూర్తం వేళకు వాళ్లు వేరే జిల్లాలో దిగి, ముక్కూముఖం తెలియనివాళ్ల పెళ్లిలో పప్పన్నం తిని ఇంటికొచ్చారు. నిలదీస్తే సుంకన్న తొణకలేదు.

"భోజనం బాగుందా, లేదా? అది చెప్పండి ముందు" అన్నాడు.

ఆ ఏడాది వేదగిరి పట్నంలో చెక్కభజన పోటీలు పెట్టారు. గెలిచిన బృందానికి వెండి చెక్కల జత బహుమానం. బూదిగుట్టకు పిలుపు రావడం అదే మొదటిసారి. కుర్రాళ్లు మూడు నెలలు రోజూ పొలం పని ముగించుకుని వచ్చి, కాళ్లు బొబ్బలెక్కేలా సాధన చేశారు. పోటీ సాయంత్రం నాలుగింటికి. పొద్దున్నే ఒకటే రైలు. అది తప్పితే ఆ రోజు వేదగిరి చేరే దారి లేదు.

రైలు వచ్చింది. పద్నాలుగు మంది శిష్యులు, ఎవరి చెక్కలు వారు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద బారుగా నిలబడ్డారు. గజ్జెల మూట మాత్రం సుంకన్న తన భుజాన వేసుకున్నాడు. దాన్ని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ముందున్న పెట్టెల్లో జనం గుమ్మాలకు వేలాడుతున్నారు. చివరి పెట్టెలు ఖాళీగా ఉన్నాయి.

"పదండ్రా ఎనక్కి!" అన్నాడు సుంకన్న.

అతని శిష్యుల్లో పెద్దవాడు మద్దిలేటి. నెమ్మదైన మనిషి. అడగందే అడుగు వేయడు.

"గురువుగారూ, ముందు అంత జనం ఉంటే ఎనక ఇంత ఖాళీ ఎందుకుంది? ఎవురినన్నా అడుగుదామా?" అన్నాడు.

"ఒరే మద్దిలేటీ, అరిటాకులో అన్నం పెడితే, ఇది అన్నమేనా అని పక్కోణ్ణి అడుగుతావా? ఎక్కు!"

అందరూ నవ్వారు. మద్దిలేటి కూడా నవ్వి ఎక్కాడు.

వారి ఎదురుగా బుట్టలో కోడిపెట్టను పెట్టుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. "తాటిమల్లకు పోతాను నాయనా, నా మనవరాలికి ఈ పెట్టను ఇచ్చి రావాల" అన్నాడు.

"తాటిమల్లా? ఈ రైలు తాటిమల్ల పోదు పెద్దాయనా. దిగిపో" అన్నాడు సుంకన్న గడ్డం పైకెత్తి.

పాపం ముసలాయన కంగారుగా కోడిబుట్ట ఎత్తుకుని లేచాడు. కోడి కూడా గొల్లుమంది. అంతలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మే దస్తగిరమ్మ గంప నెత్తిన పెట్టుకుని పెట్టెలోకి వచ్చింది. ఆమె ఆ దారిలో ఇరవై ఏళ్లుగా కాయలు అమ్ముతోంది.

"యాడికి లేస్తావు తాతా? కూర్చో. ఇది తాటిమల్ల పెట్టే" అంది. తర్వాత చెక్కలు పట్టుకున్న కుర్రాళ్లను చూసింది. "మీరు యాడికి నాయనా?"

"వేదగిరికి అక్కా, పోటీకి" అన్నాడు మద్దిలేటి.

"అయ్యో! ఈ పెట్టెలో కూర్చున్నారేంది? పులివాగు జంక్షన్లో రైలును రెండు ముక్కలు చేస్తారు. ముందు పెట్టెలు వేదగిరికి పోతాయి. ఎనక నాలుగు పెట్టెలకు ఇంకో ఇంజను తగిలించి తాటిమల్లకు తోలుతారు. పులివాగులో దిగి ముందుకు ఉరకండి."

సుంకన్నకు తల కొట్టేసినట్లయింది. శిష్యుల ముందు కాయలమ్మే ఆడమనిషి తనకు దారి చెప్పడమా?

"రైలేమన్నా దోసకాయా, రెండు ముక్కలు చేసేదానికి? నీ కాయలు నువ్వమ్ముకో" అన్నాడు.

"దోసకాయ కాదన్నా, రైలే. కోసేటప్పుడు చూస్తావులే" అంటూ ఆమె నవ్వి, ముసలాయనకు ఒక గుప్పెడు కాయలు ఊరికే పోసి వెళ్లిపోయింది.

పులివాగు జంక్షన్ వచ్చింది. మద్దిలేటికి మనసు ఆగలేదు. రైలు ఆగీ ఆగకముందే దిగి ప్లాట్‌ఫారం వెంబడి పరుగెత్తాడు. నాలుగు పెట్టెలు దాటేసరికి, రెండు పెట్టెల నడుమ ఒక రైల్వే కార్మికుడు వంగి కొక్కెం విప్పుతూ కనిపించాడు. అడిగాడు. కార్మికుడు తలెత్తకుండానే "వేదగిరి ముందుది, తాటిమల్ల ఎనకది. పది నిమిషాల్లో ముందుది కదుల్తుంది" అన్నాడు.

అంతే. అడగడానికి పట్టింది ఎంతసేపు? చొక్కా గుండీ పెట్టుకున్నంతసేపు.

మద్దిలేటి రొప్పుతూ వెనక్కి వచ్చాడు. "గురువుగారూ, ఆయమ్మ చెప్పింది నిజమే! దిగండి, దిగండి!"

సుంకన్న కిటికీ కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. ఆమె చెప్పింది నిజమేమోనని అతనికీ లోలోపల అనిపించింది. కానీ దిగితే తాను తప్పని ఒప్పుకున్నట్లే.

"నేను దిగను. ముప్పై ఏళ్లుగా రైళ్లెక్కుతున్నా. ఎవడూ కదలొద్దు!"

"మా మీద కోపం వేదగిరిలో చూపించండి గురువుగారూ. మూడు నెలల కష్టం. ముందు దిగండి, మీ కాళ్లకు దండం పెడతా."

కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొదట ఒకడు దిగాడు. ఆ వెనకే మరొకడు. చూస్తుండగానే అందరూ దిగారు. మద్దిలేటి చెయ్యి చాచి, "పోనీ, ఆ గజ్జెల మూటన్నా ఇవ్వండి" అన్నాడు.

సుంకన్న మూటను ఒళ్లోకి లాక్కున్నాడు. "గజ్జెల్లేకుండా ఏం ఆడతారో చూస్తాలే. మీరే ఉరుక్కుంటూ నా దగ్గరికొస్తారు."

ముందువైపు నుంచి రైలు కూత వినిపించింది. మద్దిలేటి కళ్లు తుడుచుకుని పరుగెత్తాడు.

పెట్టె ప్రశాంతంగా ఉంది. సుంకన్న మీసం దువ్వుకున్నాడు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. పెట్టె కదల్లేదు. ముసలాయన కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసి, లోపలికి తీసుకున్నాడు.

"నాయనా, ముందర ఇంజను లేదే?"

"నీళ్లు తాగనీకి పోయుంటుంది" అన్నాడు సుంకన్న.

"బొగ్గింజన్లు పోయి ఎన్నేళ్లయిందో. ఇప్పుడు కూడా నీళ్లు తాగుతాయా?"

"తాగుతాయి. ఎండాకాలం కదా."

"ఇంజనొక్కటే కాదు నాయనా, ముందర పెట్టెలూ లేవు. అవి కూడా నీళ్లకే పోయినాయా?"

సుంకన్న లేచి గుమ్మంలోకి వచ్చి చూశాడు. తన పెట్టెకు ముందు మూడు పెట్టెలు. ఆ ముందు ఖాళీ పట్టాలు ఎండలో తళతళ మెరుస్తున్నాయి. పట్టాల నడుమ ఒక మేక తాపీగా గడ్డి మేస్తోంది. వెనక బుట్టలో కోడిపెట్ట ఒక్కసారి కొక్కొక్కో అంది. అది నవ్వినట్లే వినిపించింది సుంకన్నకు.

ఆ రోజుకు వేదగిరికి ఇంకో బండి లేదు. గంటకు వేరే ఇంజను వచ్చి తగులుకుని అతణ్ణి తాటిమల్లకు చేర్చింది. ఆ రాత్రి సుంకన్న ఆ ముసలాయన మనవరాలి ఇంటి అరుగు మీదే పడుకున్నాడు. దిగిపొమ్మని తాను తరిమిన మనిషి పెట్టిన సంగటే తిన్నాడు.

అక్కడ వేదగిరిలో మద్దిలేటి నడుమ నిలబడ్డాడు. గజ్జెలు లేవు. "కాళ్లే గజ్జెలనుకోండ్రా!" అన్నాడు. పద్నాలుగు మంది చెక్క వేదిక అదిరిపోయేలా అడుగులు వేశారు. జనం ఈలలు వేశారు. కానీ వెండి చెక్కలు ఇంకో ఊరికి పోయాయి. బూదిగుట్టకు రెండో బహుమతి వచ్చింది. "ఆటలో వంక లేదు, గజ్జెల మోత ఒక్కటే తక్కువైంది" అన్నారు న్యాయనిర్ణేతలు.

మర్నాడు పొద్దున సుంకన్న గజ్జెల మూటతో వేదగిరి మైదానానికి వచ్చేసరికి షామియానా విప్పుతున్నారు. జరిగింది తెలిసి అతని తల వాలిపోయింది. ఎవరూ ఎగతాళి చేయలేదు. "టిఫిన్ తిన్నారా గురువుగారూ?" అన్నాడు మద్దిలేటి. ఆ మాటకే అతనికి ఏడుపొచ్చింది. మూట తీసి మద్దిలేటి చేతుల్లో పెట్టాడు.

తిరుగు రైల్లో దస్తగిరమ్మ కనబడింది. సుంకన్న లేచి నిలబడి, చిన్న గొంతుతో, "అమ్మా, ఈ పెట్టె మా ఊరికి పోతుందా?" అని అడిగాడు.

"పోతుందన్నా. ఈ మాట నిన్ననే అడిగుంటే కాయలు కూడా వేడిగా తిని ఉందువు" అంది ఆమె. పెట్టెలో అందరూ పకపకా నవ్వారు. ఆఖరికి సుంకన్న కూడా నవ్వాడు.

అయినా పోయిన చోటు తిరిగి రాలేదు. అప్పటి నుంచి బూదిగుట్ట భజనలో మద్దిలేటే నడుమ నిలబడుతున్నాడు. సుంకన్న వరుసలో చివర నిలబడి, శిష్యుడు చెప్పిన అడుగు వేస్తున్నాడు.

తెలియదని ఒప్పుకుని అడిగితే పోయేది ఒక్క క్షణం బింకం. ఒప్పుకోనందుకు సుంకన్నకు పోయింది ముప్పై ఏళ్ల గురుపీఠం.