కరుణమ్మ వెతికిన పేరు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరి కింద కాలవ, ఆ కాలవ గట్టున ఒక పేట. ఊళ్ళోవాళ్ళు గేదెల్ని కడిగిన నీళ్ళే కిందకొచ్చి పేటవాళ్ళ కుండల్లోకి ఎక్కేవి. ఈ మాట గుర్తుపెట్టుకో చిట్టీ.

ఆ పేటలో కరుణమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమెకి ఒక మొగుడు, ఒక అత్త. మొగుడు మంచివాడే, నోరు లేనివాడు. అత్త సువార్తమ్మకి ఇద్దరి నోరూ ఉండేది.

పేటలో పిల్లలకి పేరు పెట్టే పద్ధతి ఒకటుంది. పురిటిస్నానం అయ్యాక బిడ్డని సంఘపెద్ద జెకర్యా ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు. పేటంతటికీ బైబిలు ఆయన ఇంట్లోనే ఉండేది. ఆయన కళ్ళు మూసుకుని పుస్తకం తెరిచేవాడు. బిడ్డ నాయనమ్మ కళ్ళు మూసుకుని వేలు పెట్టేది. ఆ వేలికి దగ్గరగా ఏ పేరుంటే అదే బిడ్డ పేరు. దేవుడే పెట్టాడనేవాళ్ళు. అలా ఒకడికి రాతిగుండె రాజు ఫరో పేరు కూడా పడింది. పాపం, వాడంత మెత్తనివాడు పేటలో ఇంకొకడు లేడు.

కరుణమ్మకి కొడుకు పుట్టాడు. సువార్తమ్మ వేలు పెడితే హేబెలు అని వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. వానలు మొదలయ్యేలోపే పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయి, పోయాడు. అప్పుడు పేటంతా ఒకటే మాట. లోకంలో అందరికంటే ముందు చచ్చినవాడి పేరు పెడితే బతుకుతాడా అని. చప్పట్లు కొట్టిన చేతులే బుగ్గలు నొక్కుకున్నాయి.

ఆ తర్వాత కూతురు. వేలు పెడితే రాహేలు అని వచ్చింది. తప్పటడుగులు వేసింది, అమ్మా అంది. ఆ తర్వాత అదే జబ్బు, అన్న గుంట పక్కనే ఇంకో గుంట. బైబిల్లో రాహేలు కూడా ఇల్లు చేరకుండా దారిలోనే పోయింది కదా అని పేట తేల్చేసింది. తల్లికి పాలింకా ఆగలేదు. వీళ్ళకి నోళ్ళు ఆగలేదు.

మూడోది మళ్ళీ ఆడపిల్ల. ఈసారి కరుణమ్మే అత్త వేలు పట్టుకుని ఆపేసింది. అప్పుడు సువార్తమ్మ ఇంకో దారి చెప్పింది. బిడ్డని చేటలో పెట్టి పక్కింటావిడకిచ్చి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుందాం, తవుడమ్మ అని పిలుద్దాం, తవుడుపాటి చెయ్యని పిల్లని చావు మాత్రం ఏం చేసుకుంటుంది అంది. జెకర్యా ఒప్పుకోలేదు. అలాంటి పేరు చర్చిలో పలకనన్నాడు.

"అయితే నేనే వెతుక్కుంటాను," అంది కరుణమ్మ.

అక్షరం ముక్క రాని మనిషి. అప్పుడు రోజూ పొలం నుంచి వచ్చి జెకర్యా అరుగు మీద కూర్చుని ఆయన దగ్గరే అక్షరాలు నేర్చుకుంది. ఆ తర్వాత కూడబలుక్కుంటూ బైబిలు చదివింది. చావు ముట్టని ఆడదాని పేరు ఒక్కటి కావాలి ఆమెకి. శారా అని పెడదామంటే ఆమెకి ముసలితనం దాకా కడుపు పండలేదు. నయోమి అని పెడదామంటే ఆమెకి మొగుడూ పోయాడు, ఇద్దరు కొడుకులూ పోయారు. తండ్రి మొక్కుకి బలైన పిల్ల ఒకతె ఉంది, దానికైతే అసలు పేరే రాయలేదు. ఇంత పెద్ద పుస్తకంలో సుఖపడ్డ ఆడది ఒక్కతీ లేదా అని పెద్దాయన్ని అడిగింది. వెతుకు అన్నాడు. ఆయనకి మాత్రం ఏం తెలుసు.

ఇంట్లో పిల్ల పేరు లేకుండానే పెరిగింది. పాపా అంటే తిరిగి చూసి నవ్వేది.

ఒక ఆదివారం పొద్దున పాపకీ విరేచనాలు మొదలయ్యాయి. కాలవ దాటితే ఆసుపత్రి. పడవ గట్టునే కట్టి ఉంది. ఆ పడవ ఒక్కరికీ కనపడలేదు చిట్టీ. పేరు లేని పిల్లకి ఏమని ప్రార్థన చెయ్యను అన్నాడు జెకర్యా. ముందు పేరు తీసుకురావే అని సువార్తమ్మ కోడల్ని తరిమింది. కరుణమ్మ కొంగు దోపుకుని పుస్తకం దగ్గరికి పరిగెత్తింది.

దొరికింది. తబిత. బీదవాళ్ళకి బట్టలు కుట్టిపెట్టే మనిషి. చచ్చిపోతే, పేరు పెట్టి పిలిస్తే, లేచి కూర్చుంది. ఒకసారి చచ్చి లేచినదాని జోలికి చావు మళ్ళీ రాదనుకుంది కరుణమ్మ. ఆ పేరు నోట్లో పెట్టుకుని ఇంటికి పరిగెత్తింది.

గుమ్మంలో అత్త కూర్చుని ఉంది. ఒళ్ళో పాప. అత్త ఏమీ అనలేదు. అత్త ఏమీ అనకపోవడం కరుణమ్మ అంతవరకూ చూడలేదు.

పాపని చేతుల్లోకి తీసుకుని, "తబితా, లే తల్లీ," అంది. ఆ తర్వాత ఇంకోసారి పిలిచింది. ఆ తర్వాత కాలవ అవతలికి వినపడేలా పిలిచింది. పాప లేవలేదు.

చర్చిలో పేరు పలకని పిల్లకి శిలువ పెట్టకూడదన్నాడు జెకర్యా. అప్పటికే నోరు లేని మొగుడు రెండు కర్రలు కలిపి కట్టి తెచ్చాడు. కరుణమ్మ పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసుకుని దాని మీద పేరు తనే రాసింది. ఆమె చేత్తో రాసిన మొదటి మాట అదే. జెకర్యా పక్కకి తప్పుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఇంకో ఆడపిల్ల పుట్టింది. కరుణమ్మ బైబిలూ తియ్యలేదు, చేటా తియ్యలేదు. పచ్చి బాలింత, పిల్లని కొంగులో చుట్టుకుని పడవెక్కింది. ఆసుపత్రిలో నర్సమ్మ బిడ్డకి సూది వేసి, కాలవ నీళ్ళు కాచకుండా తాగించావంటే నీ చేతులు విరగ్గొడతానంది. ఇంతమంది ఇన్ని చెప్పారు కదా, ఆ ఒక్క మాట అంతకుముందు చెప్పినవాళ్ళు లేరు. నీ పేరేంటమ్మా అని కరుణమ్మ అడిగింది. లూదియ అంది నర్సమ్మ. తిరిగొచ్చేటప్పుడు పడవలోనే ఆ పేరు పెట్టేసింది.

అవును, నా పేరే. కరుణమ్మ మా అమ్మ.

అమ్మ నన్ను ఒక్క పేరుతో ఎప్పుడూ పిలవలేదు. అన్నానికైనా, తల దువ్వడానికైనా, హేబెలూ, రాహేలూ, తబితా, లూదియా అని నాలుగూ పిలిచేది. నా పేరు అంత పొడుగని చాన్నాళ్ళు అనుకున్నాను. నీ అంత ఉన్నప్పుడు ఒకరోజు విసుక్కున్నాను, వచ్చేది నేనొక్కదాన్నే కదా అని.

అమ్మ జడ అల్లడం ఆపలేదు. "వస్తావని నిన్ను పిలుస్తాను. రారని వాళ్ళని మానెయ్యనా?" అంది.

ఇంక కళ్ళు మూసుకో తల్లీ.

కథేమో కంచికి,
కాలవేమో కడలికి,
పిల్లలేమో మట్టికి,
పేర్లేమో మన నోటికి,
నువ్వూ నేనూ ఇంటికి,
నిద్దరేమో కంటికి.