పసుపు ధర, మిరప ఘాటు

సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యాన్ని ప్రతాపకేతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు యుద్ధాల కన్నా పసుపు బేరం మీద మోజెక్కువ. రైతుల దగ్గర కొని కొట్లు నింపేవాడు. రేవులో ధర పిసరంత తగ్గిందంటే చాలు, హడలిపోయి ఉన్నదంతా ఒక్కసారే అమ్మించేవాడు. దాంతో ధర పాతాళానికి పోయేది, సంతకొచ్చిన రైతులు నెత్తిన చేతులు పెట్టుకునేవారు. ఆగమన్నవాళ్ళను "వ్యాపారం నాకు నేర్పుతావా?" అని కసిరేవాడు.

విదూషకుడు ఓబులయ్య పసుపు పండించే ఊరివాడే. ఈ ఏడూ ఇంతే అయితే తనవాళ్ళు విత్తనపు కొమ్ములు కూడా తెగనమ్ముకోవాలి. దీన్ని ఎలాగైనా ఆపాలని అతను అదను కోసం చూస్తున్నాడు.

ఒకనాడు రాజు కొలువులో మండిపడ్డాడు. "వార్తాహరుడు వచ్చి, దండం పెట్టి, నసిగేసరికి పుణ్యకాలం గడిచిపోతోంది! ఎవరూ నోరు విప్పకుండానే ధర సంగతి నాకు తెలియాలి. ఓబులయ్యా, ఉపాయం చెప్పు."

"చిత్తం ప్రభూ. రేవు నుంచి కోట దాకా జెండాలు ఊపే మనుషుల్ని నిలుపుదాం. ధర కాస్త పెరిగితే తమ అరికాలికి నెమలీకతో గిలిగింత. బాగా పెరిగితే సన్నాయి, పన్నీటి జల్లు."

"భేష్! మరి పడితే?"

"పడితే తమకు ఒళ్ళు మండాలి కదా! సింహాసనం పక్కన కుంపట్లో గుప్పెడు ఎండుమిరపకాయలు వేయిస్తాం."

రాజు తెగ మురిసిపోయాడు. కొన్నాళ్ళు బాగానే సాగింది. పొరుగు రాయబారి గంభీరంగా సంధి మాట్లాడుతుంటే రాజు కిలకిలా నవ్వేవాడు. పాపం, రాయబారి తన తలపాగా తడుముకునేవాడు.

పంట సంతకొచ్చిన రోజున ఓడలు ఆలస్యమయ్యాయి. ధర జారింది. మిరపకాయలు కుంపట్లో పడ్డాయి.

రాజు దిగ్గున లేచి "మొత్తం అమ్మె..." అనబోయాడు. సేనాపతి "హాఛ్!" అన్నాడు.

రాజుకు శకునాల పట్టింపు జాస్తి. తుమ్ము వినబడితే కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుంటే గానీ ఏ పనీ మొదలుపెట్టడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. ఈసారి పురోహితుడు తుమ్మాడు. ఆ తర్వాత సాక్షాత్తు ఆస్థాన జ్యోతిష్కుడే తుమ్మాడు. రాజుగారి కాళ్ళు నానిపోయాయి గానీ ఆజ్ఞ మాత్రం బయటికి రాలేదు.

పొద్దు వాలేవేళకు ఓడలొచ్చాయి. సన్నాయి మోగింది, పన్నీరు జల్లుమంది. ధర పొద్దుటి కన్నా పైకి పోయింది, రైతుల సరుకంతా చెల్లిపోయింది.

రాజు కళ్ళు తుడుచుకుంటూ గర్జించాడు. "ఓబులయ్యా! ఈ తుమ్ములు నీ పన్నాగమేనా?"

ఓబులయ్య వంగి దండం పెట్టాడు. "తెలియజేయమన్నారు, తెలియజేశాను ప్రభూ. ధర తగ్గిన సంగతి రేవులో అందరికీ తెలుసు. తమరు హడలిన సంగతి మాత్రం ఈ సభ దాటలేదు. అందుకే ధర మళ్ళీ లేచింది."

రాజు మొహం కందగడ్డలా అయింది. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వేశాడు. తన చేతి కంకణం తీసి ఓబులయ్యకు తొడిగి, మంత్రి వైపు తిరిగాడు.

"ఇకమీదట నేను అమ్మమంటే ఎవరూ కొట్టు తలుపు తీయకండి. ముందు కుంపటి రాజేయండి!"