మళ్లీ చెప్పమన్న అసిరమ్మ

అనగా అనగా, మన తాతల తాతలు కూడా ఇంకా పుట్టని రోజుల్లో, సముద్రం పక్కన పీచులపేట అని ఒక ఊరుండేది. ఆ ఊళ్లో కొబ్బరి పీచు నానని గుంట లేదు, తాడు పేనని చెయ్యి లేదు.

ఆ ఊళ్లో అసిరమ్మ అని ఒకావిడ. పొలం లేదు, పుట్ర లేదు, కడుపున బిడ్డ లేదు. మొగుడు గవరయ్య ఉన్నాడు, రెండు చేతులున్నాయి, అంతే. పొద్దున్నే పీచు కొట్టేది. మధ్యాహ్నం తాడు పేనేది. సాయంత్రం ఆ తాడును చుట్ట చుట్టేది. ఆవిడ పేనిన తాడు తెగిందని పడవవాళ్లు ఎవరూ అనగా వినలేదు.

చేతికి అన్నీ తెలుసు. లెక్క మాత్రం తెలియదు. వేళ్లున్నంత వరకే లెక్క, వేళ్లయిపోతే "చాలా" అనేది.

ఒక ఏడు వానాకాలంలో గవరయ్యకు కడుపునొప్పి పట్టుకుంది. ఒకరోజు చూశారు, తగ్గలేదు. రెండు రోజులు చూశారు, తగ్గలేదు. మూడో రోజు అసిరమ్మ వెళ్లి వైద్యుణ్ణి పిలుచుకొచ్చింది.

ఆ వైద్యుడి పేరు సూరప్ప. మంచి హస్తవాసి ఉన్నవాడని పేరు. నాడి చూశాడు, కడుపు నొక్కి చూశాడు, ఆకులో చుట్టిన మందు ఉండ ఒకటి తీశాడు.

"ఇది ఘాటు మందమ్మా. జాగ్రత్తగా వాడాలి. ఇవాళ నాలుగో వంతు" అని తనే తుంచి గవరయ్య నోట్లో వేశాడు. "రేపటి నుంచి రోజూ ఎనిమిదో వంతు ఇవ్వు. తెలిసిందా?"

అసిరమ్మకు తెలియలేదు. కానీ అంత పెద్దాయన గుమ్మంలో నిలబడి, ఇంకో ఇంటికి వెళ్లే తొందరలో అడుగుతుంటే, తెలియలేదని ఎలా అంటుంది? ఇరుగమ్మ, పొరుగమ్మ వింటున్నారు. తలూపింది.

"తెలిసింది బాబూ" అంది.

వైద్యుడు వెళ్లిపోయాడు. మర్నాడు అసిరమ్మ వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుంది. నాలుగు, మళ్లీ ఇంకో నాలుగు, ఎనిమిది. నాలుగో వంతు ఎంతో నిన్న కళ్లారా చూసింది. అలాంటివి రెండు అయితే ఎనిమిదో వంతు. నిన్నటి ముక్కంత ముక్కలు రెండు తుంచి, తేనెలో కలిపి, "తాగు మావా, తగ్గిపోద్ది" అని తాగించింది.

తెల్లారేసరికి గవరయ్య లేడు.

ఆ పొద్దున వైద్యుడు వచ్చేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. ఆయన లోపలికి వెళ్లి ఆకు విప్పి చూశాడు. ఉండలో పావు ముక్క మాత్రం మిగిలి ఉంది.

"ఎంత ఇచ్చావమ్మా?"

"మీరు సెప్పినట్టే బాబూ. ఎనిమిదో వంతు. మీరిచ్చినదానికి రెండింతలు."

సూరప్ప ఆవిడ పక్కకు వంగాడు. ఆవిడకు మాత్రమే వినపడేట్టు, "ఎనిమిదో వంతంటే అందులో సగమమ్మా" అన్నాడు. ఆకు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. బయటికొచ్చి జనంతో, "ఆయుష్షు తీరింది" అన్నాడు.

జనం కూడా ఆయుష్షు తీరిందనే అనుకున్నారు. తీరలేదని ఇద్దరికే తెలుసు.

ఏడ్చింది అసిరమ్మ. ఏడ్చి ఏడ్చి, పదకొండో రోజు దాటాక మళ్లీ పీచు ముందు కూర్చుంది. చేతులు తాడు పేనుతున్నాయి, మనసు ఒక్క మాటే పేనుతోంది. ఎనిమిది పెద్దది కదా. నాలుగు చిన్నది కదా. మరి ఎనిమిదో వంతు ఎందుకు చిన్నదయింది? ఎవర్ని అడగాలి? అడిగితే, ఎందుకడుగుతున్నావంటారు. ఎందుకో చెబితే, మొగుణ్ణి చంపుకుందంటారు.

ఆ ఊళ్లో సత్రం అరుగు మీద ఒక బడి ఉండేది. పిల్లల బడి కాదు, పెద్దల బడి. దాన్ని ఊరందరి బడి అనేవాళ్లు. పొద్దంతా పని చేసుకున్నవాళ్లు ఎండ చల్లబడ్డాక వచ్చి కూర్చునేవాళ్లు. నీకు ఎన్నేళ్లని అడగరు, ఏ ఇంటివాడివని అడగరు. ముందు ఇసక పోసి ఉంటుంది, వేలితో రాసుకోవడమే.

ఆ బడికి మూడు మెట్లు. మొదటి మెట్టు కూడికలు, తీసివేతలు. రెండో మెట్టు ఎక్కాలు. మూడో మెట్టు వంతులు. మొదటి మెట్టు మీద ముప్పై మంది ఉంటే, రెండో మెట్టు మీద పదిహేను మంది. మూడో మెట్టు దాటేసరికి ముగ్గురు మిగిలితే గొప్ప.

చెప్పేది నరహరి పంతులు. చెడ్డవాడు కాదు. వానొచ్చినా, జ్వరమొచ్చినా బడి మానలేదు. కానీ ఆయనకు చిన్నప్పుడే లెక్కలు మంచినీళ్లు తాగినట్టు వచ్చేశాయి. రానివాళ్లకు ఎందుకు రావో ఆయనకు తెలియదు. బద్ధకం అనుకునేవాడు.

ఏభై ఏళ్లు దాటిన అసిరమ్మ ఆ అరుగెక్కింది. ఒక ఏడాది కూడికలు నేర్చుకుంది. ఒక ఏడాది ఎక్కాలు నేర్చుకుంది, పీచు కొడుతూ దెబ్బకొక ఎక్కం. మూడో ఏడాది వంతుల దగ్గరికి వచ్చింది. ఎవరూ చూడకుండా దణ్ణం పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది.

పంతులు ఇసకలో రాశాడు. "నాలుగో వంతు కంటే ఎనిమిదో వంతు చిన్నది. దాని కంటే పదహారో వంతు చిన్నది. తెలిసిందా?"

పదకొండు తలలు ఊగాయి. ఒక్క తల ఊగలేదు.

"నాకు తెలీనేదు బాబూ. మళ్లీ సెప్పండి."

పంతులు మళ్లీ చెప్పాడు, అవే మాటలు, కాస్త గట్టిగా.

"తెలీనేదు బాబూ. మళ్లీ సెప్పండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. పంతులు మూడోసారి చెప్పాడు, అవే మాటలు, ఇంకా గట్టిగా. అసిరమ్మ తల దించుకుంది. ఊపడానికి మెడ సిద్ధంగానే ఉంది. ఆ గుమ్మంలో ఊపిన తల గుర్తొచ్చింది.

"తెలీనేదు బాబూ."

ఈసారి అరుగంతా నవ్వింది. పంతులికి తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠం, ఒక తాళ్లు పేనే ముసలిది నిలబెట్టి అడుగుతోంది.

"మూడుసార్లు చెప్పాను. ఇంతమందికి వచ్చింది, నీకే రాలేదంటే తప్పెవరిది? ఇది నీ వల్ల కాదు. రేపటి నుంచి రాకు" అన్నాడు.

అసిరమ్మ లేచి వెళ్లిపోయింది. మర్నాడు ఎండ చల్లబడింది. అందరూ వచ్చి కూర్చున్నారు. అసిరమ్మ కూడా వచ్చింది. భుజం మీద తాడు చుట్ట ఉంది. అరుగెక్కలేదు, కింద నిలబడింది.

"రాకన్నానుగా?" అన్నాడు పంతులు.

"అన్నారు బాబూ. కానీ ఇది తెలీకుండా నేను సచ్చిపోతే, అక్కడ నా పెనిమిటికి ఏటి సెప్పను?"

అని మొత్తం చెప్పింది. మందు ఉండ చెప్పింది, నాలుగో వంతు చెప్పింది, ఎనిమిదో వంతు చెప్పింది. తెలియకుండానే తలూపిన సంగతి చెప్పింది. మూడేళ్లు కడుపులో దాచుకున్న మాట ఊరందరి ముందూ చెప్పింది.

"తెలీనేదని ఆ వేళ ఒక్క మాటంటే నా మావ బతికీవోడు. అందుకే బాబూ, తెలీకుండా ఇంక తలూపను. మీరు నవ్వండి, ఊరు నవ్వనీండి."

ఎవరూ నవ్వలేదు. 

ముందు వరసలో తాపీ పని చేసే బుచ్చన్న కూర్చున్నాడు. మేస్త్రి, మీసాలవాడు, వంతుల్లో అందరికంటే గట్టివాడని పేరు. నిన్న ముందుగా నవ్వింది అతనే. లేచి నిలబడ్డాడు.

"పంతులుగారూ, నాకూ తెలీనేదండి" అన్నాడు. "రెండేళ్ల నించీ తెలీనేదు."

వెనక నుంచి పడవ వడ్రంగి లేచాడు. "నాకూ." పక్కనుంచి గానుగామె లేచింది. "నాకూ బాబూ." ఒకరు, ఇద్దరు, ముగ్గురు. చూస్తుండగానే అరుగు మీద కూర్చున్నవాళ్లు లేరు. అందరూ నిలబడే ఉన్నారు.

నరహరి పంతులు మాత్రం కూర్చుండిపోయాడు. ఇరవై ఏళ్లలో ఎన్ని తలలు ఊగాయో, మూడో మెట్టు మీద నుంచి ఎంతమంది చెప్పకుండా దిగిపోయారో ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. అసిరమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, పైకి రా. నీకు ఎక్కడ తెలియలేదో చెప్పు."

ఇన్నేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు.

"ఎనిమిది పెద్దది కదా బాబూ. మరి ఎనిమిదో వంతు ఎందుకు సిన్నదయింది?"

పంతులు ఇసక వైపు చూశాడు. ఇసకలో జవాబు లేదు. ఆవిడ భుజం వైపు చూశాడు.

"ఆ తాడు తియ్యమ్మా. ఇద్దరికి సమానంగా పంచాలంటే ఏం చేస్తావు?"

అసిరమ్మ తాడు మధ్యకు మడిచింది. "ఇద్దరికి."

"నలుగురికి?"

ఇంకో మడత వేసింది. "నలుగురికి."

"ఎనిమిది మందికి?"

మూడో మడత వేసింది. వేసి, ఆగిపోయింది. చేతిలో ఉన్నది జానెడు పొడుగు. పైనుంచి కిందికి ఒకసారి తడిమింది. పక్కపక్కనున్న పేటలు లెక్కపెట్టింది. ఎనిమిది.

"ఎనిమిదంటే ముక్క పొడుగు కాదు బాబూ" అంది మెల్లగా. "ఎన్ని ముక్కలో ఆ లెక్క. పంచుకునే సేతులు పెరిగితే ఒక్కో సేతికి తక్కువొస్తాది."

"అంతేనమ్మా" అన్నాడు పంతులు. "అంతే. నేను ఇరవై ఏళ్లలో ఇంత బాగా చెప్పలేదు."

అరుగంతా ఊపిరి పీల్చుకుంది. కానీ అసిరమ్మ ముఖంలో సంతోషం లేదు. తాడు మడతలు విప్పింది. మూడు మడతల్లో రెండు విప్పి, సగానికి మడిచి ఉన్న తాడును ఇసకలో పరిచింది. దాని పక్కన జాన పెట్టి చూసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"జానెడు ఇమ్మన్నాడు" అంది. "నాలుగు జానలు ఇచ్చాను."

అప్పుడు ఏడ్చింది. తెలియక ఏడ్చిన ఏడుపు కాదు అది, తెలిసి ఏడ్చిన ఏడుపు. బుచ్చన్న మేస్త్రి తల పక్కకు తిప్పుకున్నాడు. పంతులు ఆ పెద్దరికమంతా పక్కన పెట్టి ఇసకలో ఆవిడ పక్కన కూర్చున్నాడు, ఏడుపు ఆగేదాకా.

ఈ సంగతి ఆ సాయంత్రానికే సూరప్ప వైద్యుడి చెవిన పడింది. మర్నాడు అసిరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఆ రోజు తెలిసిందా అని అడిగాను గానీ, ఏం తెలిసిందో చెప్పమనలేదమ్మా. చెప్పమని ఉంటే తప్పు అక్కడే దొరికేది. బయటికొచ్చి ఆయుష్షు తీరిందన్నాను. ఆ మాటతో నిన్ను కాపాడాననుకున్నాను. నన్ను నేను కాపాడుకున్నాను."

అసిరమ్మ పీట వేసింది. మంచినీళ్లిచ్చింది. ఇద్దరూ ఆ తర్వాత గవరయ్య మాట ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి సూరప్ప ఎక్కడ మందిచ్చినా అసిరమ్మకు కబురు పెట్టేవాడు. ఆవిడ పీచు పక్కన పెట్టి వెళ్లేది. ఆ ఇంటి ఆడవాళ్లను కూర్చోబెట్టి, పావు ఎంతో, అందులో సగం ఎంతో వాళ్ల చేతులతోనే తుంచి చూపించమనేది. తప్పు తుంచితే కోప్పడేది కాదు. "మళ్లీ సూద్దామమ్మా" అనేది. ఎన్ని ఇళ్లకు వెళ్లిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

బడిలో ఆవిడ మూడో మెట్టు దాటింది. దాటినా మానలేదు. ఆ ఏడు మూడో మెట్టు దాటినవాళ్లు పది మంది. పంతులు "తెలిసిందా" అనడం మానేశాడు. "ఎక్కడ తెలియలేదు?" అనేవాడు.

అలా పదేళ్లు గడిచాయి. ఒక ఎండాకాలం, తాడు పేనుతూ పేనుతూ అలాగే గోడకు ఆనుకుని అసిరమ్మ కన్నుమూసింది. బిడ్డలు లేరు కదా, కొరివి ఎవరు పెడతారని ఊరు అనుకునేలోపే బుచ్చన్న మేస్త్రి తలస్నానం చేసి వచ్చి నిలబడ్డాడు. నరహరి పంతులు ముందు నడిచాడు. సూరప్ప కర్ర పట్టుకుని వెనక నడిచాడు. మూడు మెట్ల వాళ్లూ పాడె మోశారు.

మూడు రోజులు బడి లేదు. నాలుగో రోజు కొత్తగా చేరిన జాలరి పడుచు ఒకతె వెనక వరసలో కూర్చుంది. పంతులు చెప్పింది విని, చుట్టూ చూసి, లోగొంతుకతో, "మళ్లీ సెప్పండి బాబూ" అంది. అని, నవ్వుతారేమోనని పైట మూతికి అడ్డం పెట్టుకుంది.

బుచ్చన్న లేచాడు. ముందు వరసలో తన చోటు దులిపాడు.

"ఇలా రా తల్లీ. ఇక్కడైతే బాగా వినపడుద్ది" అన్నాడు.

ఆ సత్రం పోయింది, ఆ అరుగు పోయింది. ఆ వైపు బళ్లల్లో మాత్రం, మళ్లీ చెప్పమని అడిగినవాళ్లకు ఇప్పటికీ ముందు వరసలో చోటిస్తారు. అది అసిరమ్మ చోటంటారు. అక్కడ కూర్చోవడం మర్యాద.

ఆ వైపు ఇళ్లల్లో ఇంకో పద్ధతీ ఉంది. వైద్యుడు మందిచ్చి లేచినప్పుడు ఇంటి పెద్దావిడ వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడుతుంది. "ఉండండి బాబూ. ఎంతియ్యాలో నేను సెప్తాను, మీరు వినండి" అంటుంది. ఎంత పెద్ద వైద్యుడైనా, ఎంత తొందరలో ఉన్నా, సంచి కింద పెట్టి వింటాడు. ఆవిడ చెప్పింది సరిపోయాకే గుమ్మం దాటుతాడు.