స్టూలు లేని దుకాణం

ఆ అడవికంతటికీ దుప్పట్లు అమ్మే దుకాణం ఎలుగుబంటి భల్లయ్యదే. ఒళ్లంతా బొచ్చున్నవాడికి చలి సంగతి ఏం తెలుసని అడక్కండి, వ్యాపారం మాత్రం బ్రహ్మాండం. అక్కడ అమ్మేది ఎద్దు వీరన్న, అమ్మించేది సూపర్‌వైజర్ నక్క జంబయ్య. అమ్మించడమంటే గిర్రున తిరిగే కుర్చీలో కూర్చుని "ఊఁ, కానీ" అనడం.

వీరన్న కూర్చునే పాత స్టూలును జంబయ్యే అటకెక్కించాడు. పైగా గోడకు బోర్డు కొట్టించి, యజమాని చేత సంతకం పెట్టించాడు: "బేరం చేసే చోట కూర్చున్నవాడు ఇంటికే."

"అయ్యా, మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఎవరూ లేనప్పుడైనా కాసేపు..." అన్నాడు వీరన్న ఓరోజు.

"కొంగ ఒంటికాలిమీద నిలబడుతుంది. ఎన్నడైనా స్టూలడిగిందా? నీకు నాలుగున్నాయి, ఇంకా ఏడుపేమిటి?" అన్నాడు జంబయ్య, కుర్చీలో ఓ చుట్టు తిరిగి.

బేరం కుదిరితే జంబయ్య మాటకారితనం, తప్పితే వీరన్న మొద్దుతనం. యజమాని చెవిన రోజూ ఇదే పాట. చలికాలం వచ్చేసరికి భల్లయ్య వీరన్నను పిలిచి చెప్పేశాడు: "ఇంకొక్క బేరం పోయిందా, నువ్వు మళ్లీ నాగలికే!"

ఈ వయసులో మెడమీద కాడి అంటే మాటలా!

సరిగ్గా అప్పుడే గేదె నల్లమ్మ మెట్లెక్కుతోంది. ఆవిడ ఒక దుప్పటి కొనాలంటే నలభై విప్పాలి.

"బాబుగారూ, నాది మొద్దు నోరే," అన్నాడు వీరన్న వినయంగా. "ఈ ఒక్క బేరం జంబయ్యగారు చేసి చూపిస్తే నేర్చుకుంటాను. అంతటి విద్య వింటే వస్తుందా, చూడాలిగాని!"

జంబయ్య తోక దానంతటదే లేచింది. "రెండు నిమిషాలు చాలు!" అంటూ కుర్చీ దిగాడు. భల్లయ్య కూడా చూద్దామని అక్కడే ఉండిపోయాడు.

"నా రంగుకు నప్పేది తియ్యి నాయనా," అంది నల్లమ్మ.

"ఈ పసుపుది మీకోసమే నేశారమ్మా!"

"బురద కనిపిస్తుంది. గోధుమరంగు లేదూ?"

అది ఏ అరలో ఉందో జంబయ్యకు తెలిస్తేగా! ఎక్కాడు, దిగాడు, పది కట్టలు నెత్తిమీద పడేసుకున్నాడు.

"ఇది గుచ్చుకుంటోంది. అది పొట్టి. పోనీ, ఆ మొదటి పసుపుదే మళ్లీ చూపించు."

పసుపుది గుట్ట అడుగున ఎక్కడో ఉంది. మధ్యాహ్నం దాటింది. నల్లమ్మ తాపీగా నెమరు వేస్తోంది. జంబయ్య నాలుక బయటికొచ్చింది, కాళ్లు గజగజలాడాయి. "ఒక్క నిమిషం తల్లీ," అంటూ దుప్పట్ల గుట్టమీద కూలబడ్డాడు.

పాపం, వీరన్నకు బోర్డుమీద దుమ్ము అప్పుడే కనిపించింది కాబోలు, తోకతో శుభ్రంగా తుడిచాడు. భల్లయ్య చూపు అటు తిరిగింది.

"కాళ్లు పట్టేశాయండీ!" అని లబలబలాడాడు జంబయ్య.

"సంతకం నాదేగాని ఆ రాత నీదేనయ్యా," అన్నాడు భల్లయ్య. "వెళ్లిరా."

వీరన్న కొమ్ముతో ఒకే ఒక్క కట్ట లాగాడు. "అమ్మా, పోయినేడు తీసుకున్న గోధుమరంగుదే. ఈసారి అంచు వెడల్పు."

"ఇందాకట్నుంచీ నేనడిగేది ఇదేగా!" అని నల్లమ్మ రెండు తీసుకుంది.

ఆ సాయంత్రమే వీరన్న సూపర్‌వైజరయ్యాడు. ముందుగా స్టూలు అటక దింపించాడు. తిరిగే కుర్చీని మాత్రం నల్లమ్మకు కేటాయించాడు. ఆవిడ బేరానికి వస్తే పొద్దు గూకాల్సిందే కదా!

నీతి: ఒకడి కింద పీట లాగేసేముందు, ఆ చోట తానెంతసేపు నిలబడగలడో చూసుకోవాలి.