నిచ్చెన మీద కూర్చున్న సుంకమ్మ

అనగనగా, ఒక్క జొన్నకంకిని మోయడానికి ఇద్దరు మనుషులు కావలసిన కాలంలో, నల్లరేగడి సీమలో ఒక ఊరు. ఆ ఊళ్లో సుంకమ్మ అని ఒక కూలిమనిషి. పాతరల్లోంచి జొన్నలు తోడడం ఆమె ఇంటివాళ్ల పని. పాతరంటే తెలుసుగా, గింజలు దాచే పెద్ద గొయ్యి. పెద్దకాపు చెన్నప్ప పాతర ఎంత లోతంటే, పొద్దున రాయి వేస్తే మధ్యాహ్నానికి చప్పుడు వినబడేది. తక్కువ చేసే చెబుతున్నాను.

ఏడాదంతా మూసిన పాతరలో గాలి చెడిపోతుంది. దిగినవాడు ఊపిరాడక కూలిపోతాడు. కిందటేడు సుంకమ్మ అన్న అలాగే దిగాడు, మళ్లీ రాలేదు. ఈ ఏడు దిగాల్సింది ఆమె మొగుడు మద్దిలేటి.

మూత తీశారు. మద్దిలేటి తలపాగా చుట్టాడు. సుంకమ్మ నిచ్చెన లాగి నేలమీద పడేసింది. దానిమీద కూర్చుని రొట్టెల మూట విప్పింది.

"గాలి మారేదాకా ఎవరూ దిగొద్దు," అంది.

పెద్దకాపు వచ్చాడు. "ఏమే సుంకమ్మా, సంత బండ్లు కాచుకున్నాయి. లెయ్."

సుంకమ్మ లేవలేదు. రొట్టె నమిలింది.

పదిమంది మొనగాళ్లు నిచ్చెన పట్టి లాగారు. పంచెలు ఊడాయి గానీ నిచ్చెన కదల్లేదు. సుంకమ్మ లేవలేదు. రొట్టె నమిలింది.

ఏడు జతల ఎద్దులను కట్టి లాగించారు. ఊరే రెండు బారలు పక్కకు జరిగింది. మా వీధి అప్పటినుంచే వంకర. సుంకమ్మ లేవలేదు. రొట్టె నమిలింది.

"నిన్ను చూస్తే నాకూ ఆకలేస్తోందే," అన్నాడు మద్దిలేటి.

"కూర్చో మరి. గొడ్డుకారం కూడా ఉంది."

అతను కూర్చున్నాడు. కూలీలంతా కూర్చున్నారు. ఎద్దులూ కూర్చున్నాయి.

సుంకమ్మ కూర్చున్నచోటి నుంచే తాడుకు దీపం కట్టి పాతరలోకి దించింది. పైకి లాగితే ఆరిపోయి ఉంది. దాన్ని పెద్దకాపు చేతిలో పెట్టింది.

"అయ్యా, ఇందాక దిగుంటే నా మొగుడూ ఇంతే."

పెద్దకాపు ఆ దీపం వంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మెల్లగా వచ్చి నిచ్చెన చివర కూర్చున్నాడు. "నాకూ ఓ ముక్క పెట్టు," అన్నాడు.

కంబళి దించి పాతరలో గాలి విసిరారు. రెండో దీపమూ ఆరింది. మళ్లీ విసిరారు. మూడో దీపం నిలిచి వెలిగింది.

అప్పుడు లేచింది సుంకమ్మ. మద్దిలేటి దిగి, కొండంత జొన్నలు తోడి, పాడుకుంటూ పైకొచ్చాడు.

సుంకమ్మ నూట నలభై ఏళ్లు బతికి, మనవళ్ల మధ్య హాయిగా కన్నుమూసింది. ఇప్పటికీ ఆ సీమలో పాతర తెరిస్తే, ముందు నిచ్చెన నేలన పరచి, దానిమీద కూర్చుని రొట్టెలు తింటారు. ఎవరైనా తొందరపెడితే, "సుంకమ్మ ఇంకా నమలుతోంది," అంటారు. ఆ మాట విన్నాక ఎంతటి ఆసామి అయినా చెప్పులు విడిచి పక్కన కూర్చోవాల్సిందే.